సముద్రానికి బాణం గుర్తు

మా విశాఖపట్నం బీచ్ రోడ్డులో మొన్న ఒక కొత్త బోర్డు కనిపించింది. నీలం మీద తెల్లటి అక్షరాలు: సీ వ్యూ పాయింట్. కింద బాణం గుర్తు. బాణం తూర్పుకి చూపిస్తోంది. తూర్పున సముద్రం ఉన్న సంగతి ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. బోర్డుకి ఈ పక్క సముద్రం, ఆ పక్క సముద్రం, భీమిలి దాకా రోడ్డు పొడుగునా సముద్రమే. అయినా బాణం ఒక్క చోటికే గురిపెట్టి ఉంది. ఏమిటా అని వెళ్లి చూస్తే నాలుగు స్టీలు గొట్టాలు, కింద జారిపోయే టైల్స్, మధ్యలో మనిషెత్తు ఎర్ర గుండె బొమ్మ. ఆ గుండెలో దూరి చూస్తే వ్యూ. రెండడుగులు పక్కకి జరిగి చూస్తే ఉత్త సముద్రం.

నేను పుట్టినప్పట్నుంచీ ఉత్త సముద్రాన్నే చూస్తూ వచ్చానన్నమాట. బాధ కలిగింది.

సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి మా బావగారు సకుటుంబంగా దిగారు. పొద్దున్నే సూర్యోదయం చూడాలన్నారు. చీకట్లోనే లేపి తీసుకెళ్లాను. అప్పటికే గుండె బొమ్మ ముందు క్యూ ఉంది. మా వంతు వచ్చేసరికి సూర్యుడు నీళ్లలోంచి లేచి, ముఖం కడుక్కుని, పనిలో పడిపోయాడు. క్యూలో ఎవరూ అటు చూడలేదు, ముందున్నవాడు ఎప్పుడు దిగుతాడా అని చూస్తున్నారు. వంతు వచ్చినవాళ్లూ అటు చూడలేదు, ఫోటో పడాలంటే వీపు సముద్రం వైపు ఉండాలి కదా. ప్రపంచంలో జనం వచ్చి వీపు చూపించి పోయే ఏకైక వస్తువు వ్యూ అని నాకా రోజు తెలిసింది. బావగారు మాత్రం "చాలా డెవలప్ చేశారోయ్" అని మెచ్చుకున్నారు. సముద్రాన్ని కాదు, టైల్స్‌ని.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. పర్యాటక శాస్త్రం ప్రకారం కొండ గానీ, కోన గానీ, కెరటం గానీ దానంతట అది ఉన్నట్టు లెక్క కాదు. ముందు రెయిలింగు పడాలి. తర్వాత ఊరి పేరు ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలుగా నిలబడాలి. ఆ అక్షరాల్లో ఒకటి ఆరు నెలల్లో ఆరిపోవాలి. ఆఖర్న టికెట్ కౌంటర్ రావాలి. అప్పటిదాకా ప్రకృతి అన్నది అనుమతి లేని నిర్మాణం. తొట్లకొండే చూడండి. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు సముద్రం కనపడే కొండ మీద విహారం కట్టుకున్నారు. వాననీళ్లు పట్టుకోడానికి రాతిలో తొట్లు తొలిచారు, కొండకి పేరు కూడా వాటి వల్లే వచ్చింది. ధ్యానం, దానం, నీళ్ల పొదుపు అన్నీ తెలిసిన మనుషులు. బోర్డు పెట్టడం తెలీలేదు. అందుకే 1970ల్లో నేవీ వాళ్లు పైనుంచి సర్వే చేస్తూ కనిపెట్టేదాకా ఆ విహారం ఎవరి లెక్కలోనూ లేదు. ఒక్క బాణం గుర్తు చెక్కించుకుని ఉంటే పోయేది కదా మహానుభావులు.

ఆ పొరపాటు మనం చెయ్యం. ఒడ్డున వ్యూ పాయింట్లు పెట్టగా పెట్టగా ఒడ్డు అయిపోయింది. మిగిలింది సముద్రం. అంచేత 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్ దగ్గర సముద్రంలోకే తేలే వంతెన వేశారు. ఒడ్డు నుంచి చూసే సముద్రాన్ని సముద్రంలోంచి చూడొచ్చన్నమాట. కోటిన్నరకు పైనే ఖర్చు. 25వ తేదీ ఆదివారం రిబ్బను కత్తిరించారు. 26వ తేదీ సోమవారం వంతెన చివర ఉన్న వ్యూ పాయింట్ ముక్క విడిపోయి సముద్రంలోకి వెళ్లిపోయింది.

దాని మీద ఎవరూ లేరు, గంగమ్మ తల్లి దయ. అందుకే ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా పాపం లేదు. నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఒకసారి ఊహించుకోండి. ఆదివారం అంతా ఆ ముక్క మీద జనం ఎక్కారు, ఊగారు, కేకలు పెట్టారు, సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగారు. పాపం ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే రోజంతా సముద్రం వైపు చూసింది. చూసి చూసి ఇక ఉండబట్టలేక సోమవారం బయల్దేరింది. ఇంతమంది పర్యాటకుల్లో నిజంగా పర్యటించింది అదొక్కటే.

అది తెగిపోలేదని అధికారులు వెంటనే చెప్పారు. మాక్ డ్రిల్లులో భాగంగా మేమే విడదీశాం అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచీ నా జీవితమే మారిపోయింది. మొన్న వంటింట్లో గాజు జగ్గు నా చేతిలోంచి కింద పడింది. మాక్ డ్రిల్లు అన్నాను. మా ఆవిడ నమ్మలేదు. ఆమెకి పర్యాటక రంగంలో అనుభవం తక్కువ. మా వాడు లెక్కల్లో తప్పాడు. "ఏవిట్రా ఇది?" అంటే, "మార్కుల్ని నేనే విడదీశాను నాన్నా, కెరటాల తాకిడి ఎలా ఉందో చూద్దామని" అన్నాడు. వాడికి మంచి భవిష్యత్తు ఉంది.

ఆ సోమవారం పెదజాలరిపేట వైపు నడుస్తుంటే వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన అడిగాడు. "ఏటి బాబూ, వొంతెన ఎల్లిపోనాదంట?"

"వెళ్లలేదు తాతా, పంపించారు."

ఆయన కాసేపు నీళ్ల వైపు చూశాడు. "మమ్మల్నడిగితే సెప్పేటోళ్లం కదేటి, ఈ పోటుకి నిలబడదని. అడగరు." మళ్లీ వల మీదకి వంగిపోయాడు.

ఎవరు అడుగుతారు? ఆయన దగ్గర పవర్ పాయింట్ లేదు.

నాకు తెగ నచ్చే విషయం ఇంకోటి ఉంది. ఆ పక్కనే కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి ఇసకలో మ్యూజియంగా ఉంది. నీళ్ల కింద తిరగాల్సిన దాన్ని తెచ్చి ఒడ్డున పెడితే ఇన్నేళ్లుగా ఇంచు కదల్లేదు. నీళ్ల మీద ఉండాల్సిన దాన్ని నీళ్ల మీద పెడితే రెండో రోజుకే నిలవలేదు. కుర్సురా లోపలికి మాత్రం వెళ్లండి, నిజంగా చెబుతున్నాను. అంత ఇరుకులో, ఆ గొట్టాల మధ్య, మనుషులు నెలల తరబడి ఎలా బతికారో చూస్తే నోట మాట రాదు. ఆ ఊళ్లో సెల్ఫీ కోసం కట్టనిది అదొక్కటి, అందుకేనేమో బాగుంది.

సెల్ఫీ కోసం ఎవరూ కట్టనిది మరోటి కూడా వచ్చింది లెండి. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెగి బంగ్లాదేశ్ ఓడ ఒకటి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లలో చిక్కుకుంది. ఏ దేశమైనా దాన్ని ప్రమాదం అంటుంది. మనవాళ్లు ఆకర్షణ అన్నారు. దాన్ని రెస్టారెంటు చేస్తామన్నారు. ఊరంతా వెళ్లి ఫోటోలు దిగింది. ఆ రెస్టారెంటులో నేనింకా ఇడ్లీ తినలేదు.

ఊరు దాటి కొండలెక్కితే అక్కడ మనకి మన పేర్లు పనికిరావు. అరకు అంటే అరకు కాదు, ఆంధ్రా ఊటీ. లంబసింగి లంబసింగి కాదు, ఆంధ్రా కాశ్మీర్. ఊళ్లోనే ఉన్న కైలాసగిరి మీద టైటానిక్ వ్యూ పాయింట్. మునిగిపోయిన ఓడ పేరు పెట్టుకోవడంలో కనీసం నిజాయితీ ఉంది. ఊటీ వాళ్లు ఎప్పుడైనా 'తమిళ అరకు' అని బోర్డు పెట్టుకున్నారా?

అరకు రైలు గురించి చెప్పాలి. తూర్పు కనుమల్ని తొలుచుకుంటూ ఆ దారిలో 58 సొరంగాలు. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. బావగారి పిల్లలు ఆ అద్దాల పెట్టెలో కూర్చుని, అరకు రైలు మీద ఎవరో తీసిన రీల్స్ చూశారు. సొరంగం వచ్చినప్పుడల్లా సిగ్నల్ పోతోందని గోల. ఒక్కో సొరంగానికీ పెట్టెలో అందరూ కలిసి ఒక కేక. మొదటి పది సొరంగాలకీ నేనూ అరిచాను, తర్వాత గొంతు పోయింది.

బొర్రా గుహల్లో గోస్తనీ నది వేలవేల ఏళ్లు సున్నపురాయిని తొలిచింది, బొట్టు బొట్టుగా రాతి ఊడలు దిగాయి. మన వంతుగా ఎర్ర బల్బు, పచ్చ బల్బు పెట్టాం. నదికి రంగుల మీద అవగాహన లేదు మరి.

రుషికొండ సంగతి మీకు తెలిసిందే. కొండని తవ్వారు, తవ్విన చోట ఎర్రగా కనపడుతోందని పచ్చటి పరదా కప్పారు. గుండు చేయించుకుని విగ్గు పెట్టుకున్న మొదటి కొండ అదే. దాని కింద బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు జెండా వచ్చింది, 2025లో కుక్కలూ చెత్తా అని దించారు, మళ్లీ ఎగరేశారు. సముద్రానికి ఈ సంగతి ఎవరో చెప్పే ఉంటారు.

ఇక టికెట్ లేకుండా వచ్చే సందర్శకులు. ప్రతి చలికాలం ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఈ ఒడ్డుకి వచ్చి గుడ్లు పెట్టి వెళతాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్ల ఎటు ఎక్కువ వెలుతురుంటే అటు పాకుతుంది. పూర్వం ఆ వెలుతురు సముద్రం మీద ఉండేది. ఇప్పుడు రోడ్డు మీద లైట్ల అక్షరాల్లో ఉంది. చిటికెడంత ప్రాణి, సముద్రం అనుకుని మన 'ఐ లవ్' వైపు నడుచుకుంటూ వస్తుంది. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి హేచరీల్లో పెట్టి, పిల్లల్ని చేతుల్తో నీళ్లలో వదులుతున్నారు. పుట్టిన ఊరికి దారి చూపించడానికి తాబేలుకి మనిషి కావాల్సి వస్తోంది. ఇక్కడ పెట్టండర్రా మీ బాణం గుర్తు.

బావగారికి ఆఖరి రోజు ఎర్రమట్టి దిబ్బలు చూపించాను. భీమిలి దారిలో సముద్రం పక్కనే. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసకని గాలి ఎత్తుకొచ్చి కుప్ప పోసింది. ఆ ఇసకలో ఇనుము తుప్పెక్కి ఎర్రబడింది. వాన చెక్కింది. పది వేల ఏళ్లకు పైబడిన పని. దక్షిణాసియాలో ఇలాంటివి ఇంకెక్కడున్నాయంటే తమిళనాడులో ఒక చోట, శ్రీలంకలో ఒక చోట, అంతే. 2014లో జియలాజికల్ సర్వే జాతీయ వారసత్వ స్థలం అంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. ఈ రెండు తేదీల మధ్య, 2024 జులైలో, పొక్లెయిన్లు దిగాయి. ప్లాట్లు వెయ్యడానికి చదును చేస్తున్నారు. జనం అరిచారు, పేపర్లలో వచ్చింది, అప్పుడు ఆగింది. అరవకపోతే?

ఇది ఉత్త మట్టి అయ్యా. రాయి కాదు, సిమెంటు కాదు. చెయ్యి వేస్తే రాలుతుంది. ఒకసారి చదును చేస్తే మళ్లీ పొయ్యడానికి ఏ కాంట్రాక్టరుకీ టెండరు ఇవ్వలేరు. మళ్లీ ఒక మంచుయుగం రావాలి, మళ్లీ సముద్రం వెనక్కి పోవాలి. ఎవడబ్బ సొత్తని గజాల్లో కొలిచారు దాన్ని? వంతెన తెగితే కోటిన్నర పోయింది, పోనీ. జగ్గు పగిలితే ఇంకోటి కొంటాం. దీన్ని ఎక్కణ్ణించి తెస్తారు? అంచు మీద ఎక్కి గంతులేసే పెళ్లి ఫోటోగ్రాఫర్లకీ, గోడల మీద తాళంచెవితో తన పేరూ పిల్ల పేరూ చెక్కే ప్రేమికుడికీ కూడా ఇదే ప్రశ్న. నీ ప్రేమ వచ్చే వానాకాలం దాకా ఉంటుందో ఉండదో, దాని కోసం పది వేల ఏళ్ల గోడ కావాల్సి వచ్చిందా నీకు?

గట్టిగానే అన్నట్టున్నాను. అంచు మీదున్న కుర్రాడు దిగి వచ్చి "సారీ అంకుల్" అన్నాడు. బావగారు కంగారుపడి నన్ను పక్కకి తీసుకెళ్లారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. సాయంత్రం ఎండ పడి దిబ్బలు రక్తం రంగులోకి తిరిగాయి. బావగారు మొట్టమొదటిసారి ఫోన్ జేబులో పెట్టి, చేతులు కట్టుకుని, రెండు నిమిషాలు అలా చూస్తూ నిలబడ్డారు. నా కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

"ఒక్కటే లోటోయ్," అన్నారు చివరికి. "ఎక్కడ నిలబడి చూడాలో బోర్డు పెట్టలేదు."

రాత్రి రైలెక్కించి ఇంటికొచ్చి చూస్తే ఆయన స్టేటస్‌లో దిబ్బల ఫోటో ఉంది, కింద 'మినీ గండికోట' అని. గండికోటనేమో మనవాళ్లు ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటారు. నేను ఒక దండం బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాను.