99 బిలియన్ల మెసేజీకి జవాబు

ఆ మెసేజీ మళ్లీ వచ్చింది. స్కూలు గ్రూపులో, అపార్టుమెంటు గ్రూపులో, చివరికి మా బావగారి నుంచి విడిగా కూడా. చైనా మనల్ని ఏటా 99 బిలియన్ డాలర్లు దోచుకుంటోందట. ఆ డబ్బు ఇక్కడే ఉంటే 4 కోట్ల ఉద్యోగాలు వచ్చేవట. చైనా సరుకు మొత్తం మీద 200 శాతం సుంకం వేస్తే పీడ విరగడవుతుందట. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు రాయి మీద కూడా వాళ్లే బతుకుతున్నారట. కింద 'నిజమైన భారతీయుడైతే పది మందికి పంపండి' అని దండాలు. పంపినవాళ్లలో రొయ్యల చెరువులున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

99 అన్న అంకె సరైనదే. 2024-25లో చైనా నుంచి 113 బిలియన్ల సరుకు కొని, 14 బిలియన్లది అమ్మాం. కానీ డబ్బిచ్చి సరుకు తెచ్చుకుంటే దోపిడీ ఎలా అయింది? ఆ లెక్కన బంగ్లాదేశ్‌ను మనం దోచుకుంటున్నట్టే. అదే ఏడాది వాళ్లకు సుమారు 11 బిలియన్ల సరుకు అమ్మి, 2 బిలియన్లది కొన్నాం. అందులో పెద్ద వాటా పత్తి, నూలు. అక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో దాదాపు 40 లక్షల మంది పనిచేస్తున్నారు. మన నూలు ఆగిపోతే ముందు ఇబ్బంది పడేది వాళ్లే. మనం చైనా నుంచి తెచ్చుకునేదీ ఎక్కువగా ఎలక్ట్రానిక్ విడిభాగాలు, యంత్రాలు, మందుల ముడిసరుకు. దీపావళి సీరియల్ బల్బులు అందులో ఏ మూలకు?

4 కోట్ల ఉద్యోగాలు ఎలా వచ్చాయో కూడా చూశాను. 99 బిలియన్లను రూపాయల్లోకి మార్చి, ఏడాదికి 2 లక్షల జీతంతో భాగించారు. ముడిసరుకు, యంత్రం, కరెంటు అక్కర్లేదు, నెల నెలా జీతాలిస్తే చిప్పులు వాటంతట అవే మొలుస్తాయి కాబోలు.

690తో మొదలయ్యే బార్‌కోడు ఉంటే అది చైనా సరుకేనట. ఆ అంకెలు కంపెనీ ఏ దేశంలో కోడు తీసుకుందో చెబుతాయి, వస్తువు ఎక్కడ తయారైందో చెప్పవు.

బహిష్కరణ ముచ్చట 2020లోనే తీరింది. గల్వాన్ లోయలో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత టీవీలు పగలగొట్టారు, యాప్‌లు నిషేధించారు. 2020-21లో 65 బిలియన్లున్న దిగుమతి మరుసటి ఏడాదికి 94 దాటింది.

అసలు ఒళ్లు మండించింది 200 శాతం సుంకం మాట. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ ఏ దేశం మీద ఎంత సుంకమో రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డాడు, గుర్తుందా? మన పేరు పక్కన 26 శాతం ఉంది. మనతో అమెరికాకున్న వాణిజ్య లోటును, అంటే అమ్మినదానికన్నా ఎక్కువ కొన్న మొత్తాన్ని, మన నుంచి వాళ్లు కొన్న సరుకు విలువతో భాగించి, సగం చేస్తే వచ్చిన అంకె అది. లోటంటే దోపిడీ, దోపిడీకి మందు సుంకం. అచ్చం మీ మెసేజీ సూత్రమే. తర్వాత అది 25 అయింది, రష్యా చమురు సాకుతో మరో 25 కలిసి ఆగస్టు 27కి 50 అయింది.

తర్వాత ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా చెరువు గట్ల మీద ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? కౌంటు ధరలు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టేవి) ఎవరు దించారు, ఎవరి మీద పడింది? వాషింగ్టన్ కట్టించిన సుంకం చివరికి మేత కోసం అప్పు చేసిన రైతు నెత్తికి చేరింది. అక్కడ లూసియానా రొయ్యల జాలర్ల సంఘాలేమో సుంకాన్ని స్వాగతించాయి. వాళ్ల ఫోన్లలోనూ ఈ మెసేజీ తిరిగే ఉంటుంది, చైనా అన్నచోట ఇండియా అని మార్చి. అప్పుడు 'ఇదేం అన్యాయం' అని రాసినవారే ఇప్పుడు 200 కావాలంటున్నారు. మన రొయ్యలకు అమెరికా తర్వాత పెద్ద కొనుగోలుదారు ఎవరనుకున్నారు? చైనాయే. 200 వేయించుకుని మర్యాదగా మన వనామీ రొయ్యలు కొంటూ కూర్చుంటారా?

ఇంకొకటి. 2015లో శ్రీసిటీలో షావోమి ఫోన్ల తయారీ మొదలైంది. కంపెనీ చైనాది, విడిభాగాల్లో చాలావరకు చైనావి, బిగించిన చేతుల్లో ఎక్కువ ఆడపిల్లలవి. అలాంటి ఫ్యాక్టరీకి వచ్చే విడిభాగాల మీద 200 శాతం వేస్తే ముందు పని పోయేది చైనాలోని షెన్‌జెన్‌లోనా, మన శ్రీసిటీలోనా? పూర్తయిన ఫోను మీద సుంకం పెంచి, విడిభాగాల దగ్గర చూసీచూడనట్టు పోవడం వేరు. అది కొంత పనిచేసింది కూడా. 'మొత్తం మీద వేసెయ్యండి' అనడం వేరు.

ఇక చీమకుర్తి. ఇక్కడ మాత్రం మెసేజీ రాసినవారితో ఏకీభవిస్తున్నాను. బంగారు చుక్కల గెలాక్సీ రాయి చాలావరకు ముడి దిమ్మెలుగానే ఓడ ఎక్కుతోంది. చైనాలో కోసి, పాలిష్ పట్టి, పలకలు చేసి వేరే దేశాలకు అమ్ముకుంటున్నారు. గుంతలు, దుమ్ము, లారీలు తొక్కిన రోడ్లు మనకు. పనీ లాభమూ అటు. ఉద్యోగాలు పోయాయని ఏడవాలనుకుంటే వీటి గురించి ఏడవండి, నేనూ వస్తాను.

అయితే ఒక తిరకాసుంది. దిమ్మెలు మనం అమ్మేవి. చైనాతో లోటును అవి తగ్గిస్తాయి. అంటే మన పనిని నిజంగా బయటికి పంపుతున్న వ్యాపారం మీ 99 బిలియన్ల లెక్కలో మంచి పద్దు కింద ఉంది! దిగుమతుల మీద 2,000 శాతం వేసినా చీమకుర్తిలో ఒక్క దిమ్మె ఆగదు. ముడి దిమ్మెకు సీనరేజి (రాయి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎంత, ఇక్కడే కోసిన రాయికి ఎంత తగ్గించాలి, పాలిషింగ్ యూనిట్లకు కరెంటు ఏ ధరకివ్వాలి అన్నవి అమరావతిలో తేలే విషయాలు. దిమ్మెల మీద ఎగుమతి సుంకం ఢిల్లీ చేతిలో ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ బీజింగ్ అనుమతి అక్కర్లేదు.