సవరణ: లాక్‌డౌన్ కష్టం అందరికీ ఒకటి కాదు

"2020లో హాస్టళ్లు మూసేశాక హైదరాబాద్ విద్యార్థులందరం ఇళ్లకు చేరి, ఆన్‌లైన్ క్లాసులతో నెట్టుకొచ్చాం" అని పోయిన పోస్టులో రాశాను. ఆ "అందరం" అన్న మాటకు వివరణ ఇవ్వాలి.

మార్చి చివర్లో అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్ల వాళ్లు ఖాళీ చేయమంటే, పిల్లలు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం నిలబడ్డారు. పాసు దొరికి బయల్దేరిన ఆంధ్రా విద్యార్థులను రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. అయినా వాళ్లకు సొంతూరు కొన్ని గంటల దూరమే. మణిపూర్, నాగాలాండ్ నుంచి వచ్చినవాళ్లకు రైళ్లే లేవు. పైగా పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే చాలు, ముఖం చూసి "కరోనా" అని పిలిచినవాళ్లున్నారు. ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు; ఈశాన్య రాష్ట్రాల వారిని వేధిస్తే చర్య తీసుకోవాలని మార్చి 21నే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. ఊరు కాని ఊళ్లో, బయట అడుగు పెట్టాలంటేనే టెన్షన్. దాన్ని మా హాస్టల్ కష్టంతో కలిపి లెక్కేయకూడదు.

ఇక ఇల్లు చేరిన గోండు, కోయ విద్యార్థులు. ఏజెన్సీ గూడేల్లో చాలాచోట్ల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఇంటికంతా ఒకటే ఫోను, అదీ నాన్న కూలికి వెళ్తే ఆయన జేబులోనే. క్లాసులో పేరు పిలిస్తే పలకని వాళ్లను "శ్రద్ధ లేదు" అనుకున్న లెక్చరర్లకు ఈ సంగతి తెలియాలి.

పాత పోస్టులో ఆ వాక్యాన్ని "మాలో కొందరం" అని మార్చాను.