చెట్టు మీద నేను, చెట్టు కింద ఆవులు

డల్లాస్‌కి గంటన్నర దూరంలో మాకో 22 ఎకరాల గడ్డి భూమి ఉంది. టెక్సాస్‌లో పశువులు మేసే భూమికి పన్ను మార్కెట్ ధర మీద కాక సాగు విలువ మీద వేస్తారు. అందుకని పక్క రాంచ్ పెద్దాయన ఆవులు ఏడూ మా దగ్గరే మేస్తాయి. బెర్ముడా గడ్డి జానెడు ఎదిగాక తోలాలి, బెత్తెడు మిగలగానే పక్క కంచెలోకి మార్చాలి, ఇదీ ఆయన లెక్క. అంతకన్నా కొరికితే వేరు నీరసిస్తుందట.

గడ్డి ఆయనది, విల్లు నాది. ఇక్కడ తుపాకీతో జింకల వేటకి నవంబరు దాకా ఆగాలి గానీ, విల్లుకి సెప్టెంబరు ఆఖరు నుంచే సీజన్. వేట నేర్పే క్లాసు పాసయ్యాను, లైసెన్సు తీసుకున్నాను. జింక ముక్కు సంగతి తెలుసు కనక వాసన లేని సబ్బుతో స్నానం చేశాను. "రెండ్రోజులు ఇంగువ పోపు ఆపవే" అని మా ఆవిణ్ణి బతిమాలాను. "రాముడికి లేని పట్టింపులు మీకెందుకండీ?" అంది.

పదిహేను అడుగుల ఎత్తున మంచె. చెట్టుకి బిగించే మెట్లు కొనాలి గానీ, ఇంట్లో అల్యూమినియం నిచ్చెన ఉండగా డబ్బు తగలేయడం ఎందుకని అదే ఆనించాను. ఒళ్లంతా పట్టుకునే సేఫ్టీ బెల్టు, తాడుతో పైకి లాగిన విల్లు, గాలి ఎదురు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఫోన్ మోగుతుందని కారులో వదిలేశాను.

ఏడింటికి ఆడజింక వచ్చింది. 20 గజాలు. పక్కకి తిరిగితే భుజం వెనకాల గురి. తిరుగుతోంది...

ఏడుంబావుకి, జింకల కోసం పెట్టిన ఫీడర్, అంటే టైముకి గింజలు చల్లే డబ్బా, గిర్రున తిరిగి మొక్కజొన్న చల్లింది. దాని చుట్టూ కంచె వేయాలని పెద్దాయన వేసవి నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ చప్పుడుకి ఆవులు ఏడూ తోకలెత్తి పరుగు. జింక మాయం. గింజలన్నీ ఏరుకు తిన్నాక ఒకావిడ వీపు దురదకి నిచ్చెనని ఎంచుకుంది. రెండు రుద్దులు. నిచ్చెన కింద, ఆవిడ దాని పక్కన, నెమరు.

తొమ్మిదిన్నరకి పెద్దాయన వచ్చాడు. ముందు ఆవుల్ని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత వంగి, అరచెయ్యి నిలబెట్టి గడ్డి కొలిచాడు. అప్పుడు తలెత్తాడు.

"బెత్తెడుకొచ్చేసింది. వీటిని పక్క కంచెలోకి తోలి వస్తా, ఎక్కడికీ వెళ్లకు" అన్నాడు.