కృష్ణమ్మ అడగని గాజుబాట

చైనాలో యాంగ్జీ నది మీద కట్టిన చాంగ్‌తాయ్ వంతెనను 2025 సెప్టెంబరు 9న తెరిచారు. రెండు పైలాన్ల, అంటే తీగలను మోసే ఎత్తయిన స్తంభాల, నడుమ 1,208 మీటర్లు. తీగల వంతెనల్లో ప్రపంచ రికార్డు. ఆ వీడియో మా పాలమూరు తట్టు కొల్లాపూర్ వాట్సాప్ గ్రూపులకు చేరడానికి రెండ్రోజులు కూడా పట్టలేదు. అందరూ చప్పట్ల బొమ్మలు పెడుతుంటే ఒకాయన మాత్రం ఒక్క ముక్క రాశాడు: "మరి మన సోమశిలది ఎప్పుడన్నా?" ఆ మాట కింద ఎవరూ ఏమీ పెట్టలేదు. కాసేపటికి ఇంకెవరో మామిడికాయల ధర అడిగారు, సంగతి అటు పోయింది.

ఎప్పుడో నేనూ చెప్పలేను. ఆ ప్రశ్న ఇంకా అడగాల్సి ఎందుకొస్తోందో మాత్రం చెప్పగలను. మనం సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెన అడిగాం, పాలకులు వింత ఇస్తామన్నారు, మనం మురిసిపోయి తలూపాం.

వెనకటి కథ పాలమూరు జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. 2007 జనవరిలో సింగోటం జాతరకు అవతలి ఒడ్డు నుంచి వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత శంకుస్థాపనలు, హామీలు, రాష్ట్రం రెండు కావడం. చివరికి 2022 అక్టోబరులో కేంద్రం సోమశిల, సిద్ధేశ్వరాల నడుమ వంతెనకు 1,082.56 కోట్లు మంజూరు చేసింది. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగా నంద్యాల వైపు పోయే 167కె జాతీయ రహదారిలో అది భాగం. 30 నెలల్లో పూర్తి అన్నారు. మంజూరైన రోజు నుంచి లెక్కేస్తే ఆ 30 నెలలు 2025 ఏప్రిల్‌కే నిండాయి.

ఆనాటి ప్రకటన మళ్లీ చదవండి. హైదరాబాద్ నుంచి తిరుపతికి దాదాపు 80 కిలోమీటర్లు తగ్గుతుందన్న మాట అందులో ఉంది. కానీ జనం నోళ్లలో నానింది అది కాదు. తీగల మీద రెండంతస్తుల వంతెన, గోపురం ఆకారంలో పైలాన్, ప్రత్యేకమైన దీపాలంకరణ, అన్నిటికంటే పొడవైన గాజు నడకదారి, పడవలు పోవడానికి పెద్ద ఖాళీ. దేశంలో మొదటిది, ప్రపంచంలో రెండోది అని పేపర్లు రాశాయి. దేంట్లో మొదటిది, దేంట్లో రెండోది అని ఎవరూ అడగలేదు.

నాకు ఆ లెక్కంటే సరదా. తీగల వంతెనల పోటీలో మొత్తం పొడవు లెక్కలోకి రాదు. రెండు పైలాన్ల మధ్య, కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలిచిన నడిమి స్పాన్‌నే కొలుస్తారు. చాంగ్‌తాయ్ వంతెన మొత్తం పది కిలోమీటర్లు, కానీ పుస్తకంలోకి ఎక్కేది 1,208 మీటర్లే. మన దగ్గర మాత్రం ఎవరికి నచ్చిన టేపు వాళ్లు పట్టుకుంటారు. గుజరాత్‌లో ఓఖా నుంచి బేట్ ద్వారకకు 2024లో తెరిచిన సుదర్శన్ సేతు 2.32 కిలోమీటర్లు, దేశంలో అతి పొడవైన తీగల వంతెన అన్నారు. 2025 జులైలో కర్ణాటకలో శరావతి బ్యాక్‌వాటర్ మీద సిగందూరు వంతెన తెరిచారు. అది 2.44 కిలోమీటర్లు, దేశంలో రెండో పొడవైనది అన్నారు. 2.32 మొదటిది, 2.44 రెండోదట! తీగలున్న భాగం వరకే చూస్తే ఒక లెక్క, ఒడ్డు నుంచి ఒడ్డుకు చూస్తే ఇంకో లెక్క. హెడ్డింగు పెట్టేవాడికి ఆ తేడాతో పనిలేదు, "పొడవైన" అనే మాట దొరికితే చాలు.

అసలు ఈ తీగల వంతెన పనిచేసే తీరు కావడి మోసినవాడికి కొత్త కాదు. పైలాన్ భుజం, రోడ్డు కావడిబద్ద. ఇటో ముక్క కలిపితే అటో ముక్క కలపాలి, ఒకవైపు బరువెక్కితే మనిషి తూలిపోతాడు. అలా రెండు పక్కలా సమంగా పెంచుకుంటూ పోయి, నది నడుమ అవతలి పైలాన్ నుంచి వచ్చిన కొసను కలుపుతారు. నీళ్లలో పరంజా అక్కర్లేదు. వేలాడే వంతెనకు కావాల్సినట్టు ఒడ్డున కొండంత లంగరు దిమ్మెలూ అక్కర్లేదు. అందుకే మధ్యరకం దూరాలకు ఇది చౌక. దూరం పెరిగితే మాత్రం చిక్కులు మొదలవుతాయి. ప్రతి తీగా రోడ్డును పైకి ఎత్తడంతో పాటు పైలాన్ వైపూ గుంజుతుంది, ఆ ఒత్తిడంతా పైలాన్ దగ్గరి రోడ్డు భాగంలో పోగుపడుతుంది. పొడుగు తీగ తన బరువుకు తానే సాగిలపడుతుంది, గాలికి వణుకుతుంది. కాబట్టి ఇంకా దూరం పోవాలంటే వేలాడే వంతెనే గతి. టర్కీలో 2022లో తెరిచిన చనక్కలే వంతెన స్పాన్ 2,023 మీటర్లు.

ఈ హద్దును ఎవరు ఎందుకు జరిపారన్నదే నాకు ముఖ్యం. 1956లో స్వీడన్‌లోని స్ట్రోమ్‌సుండ్ వంతెన స్పాన్ 182 మీటర్లు. 1995లో ఫ్రాన్స్‌లో నార్మండీ 856, 1999లో జపాన్‌లో తతారా 890. 2008లో చైనాలో సుతోంగ్ 1,088. నాలుగేళ్లకు రష్యా వ్లాదివోస్తోక్‌లో రుస్కీ వంతెన 1,104. సుతోంగ్ కంటే పదహారు మీటర్లు ఎక్కువ, అంటే ఒకటిన్నర ఆర్టీసీ బస్సు! ఆ బస్సున్నర తేడాతో రష్యా పదమూడేళ్లు కిరీటం పెట్టుకుని తిరిగింది.

ఇంతకీ రుస్కీ దేన్ని కలిపింది? ఒక దీవిని. దాని మీద ఉండేది సుమారు ఐదు వేల మంది. 2012లో అక్కడ జరిగిన దేశాధినేతల శిఖరాగ్ర సభ కోసం హడావుడిగా కట్టారు. సభ రెండు రోజుల్లో అయిపోయింది, వంతెన మిగిలింది. చాంగ్‌తాయ్ సంగతి వేరు. పై అంతస్తులో ఎక్స్‌ప్రెస్‌వే, కింద ఒకపక్క రైలు, ఇంకోపక్క మామూలు రోడ్డు. కింద నదిలో పెద్ద ఓడలు పోతాయి కాబట్టి నడుమ స్తంభం పాతే వీల్లేదు. అక్కడ 1,208 మీటర్లు నది అడిగిన పొడవు. రుస్కీ కింద ఓడల దారి లేదనను, ఉంది. కానీ ఆ దీవికి వంతెన కావాలన్న తొందర ఓడలది కాదు, జనానిదీ కాదు. వంతెన పొడవు గురించి ఎవరు గొప్ప చెప్పినా నేను వేసే ప్రశ్న ఒకటే: ఈ పొడవు నది అడిగిందా, నాయకుడు అడిగాడా?

సోమశిల దగ్గర కృష్ణమ్మ ఏం అడుగుతోంది? ఓడలైతే రావు. వచ్చేవి చేపల పుట్టీలు, మరబోట్లు, పర్యాటకుల లాంచీ. అడిగేదల్లా వరదకు దారి. ఆ విషయంలో అవతలి వాదానికి బలముందని ఒప్పుకుంటాను. 2009 అక్టోబరులో, సోమశిల దాకా నీళ్లు నిలిచే శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తిమట్టం మించి 896 దాటింది, కర్నూలు, అలంపూర్ మునిగాయి. అలాంటి నీళ్లలో స్తంభాలు ఎంత తక్కువుంటే అంత మేలు, లోతులో పునాది తీయడం కంటే తీగల మీద మోయడమే తెలివి అని ఇంజినీర్లు చెబితే వింటాను. నల్లమల, సంగమేశ్వరం, సోమశిల కలిస్తే పర్యాటకం పెరిగి నాలుగు హోటళ్లు, నలభై ఉద్యోగాలు వస్తాయన్నా కాదనను. రాయలసీమ వాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్న సిద్ధేశ్వరం అలుగు (నదికి అడ్డంగా నీళ్లను ఆపే కట్ట) సంగతి ఇంకో పెద్ద తగాదా, దాన్ని ఇక్కడ కదిలించను. సరే, తీగలు పెట్టండి. వరదను తప్పించడానికి గాజు ఏం చేస్తుంది? గోపురం ఆకారం ఏ స్తంభం లోతును తగ్గిస్తుంది?

సిగందూరును మళ్లీ తలుచుకోక తప్పదు. 1964లో లింగనమక్కి డ్యామ్ కట్టాక శరావతి నీళ్లు చుట్టుముట్టి, బయటి ఊళ్లతో దారి తెగిపోయినవాళ్లు అక్కడి జనం. ఆస్పత్రికైనా, చౌడేశ్వరి గుడికైనా అరవై ఏళ్లు లాంచీయే. వాళ్ల వంతెనకు అయింది 470 కోట్ల పైచిలుకు. లేన్లు తేడా, లోతు తేడా, ధరలు తేడా అంటారు, నిజమే. కానీ సోమశిల దగ్గర దాటాల్సింది కిలోమీటరుకు అటూ ఇటూ. సగం దూరానికి రెట్టింపు డబ్బు ఎందుకో ఎవరో ఒకరు కొల్లాపూర్ బస్టాండ్‌లో నిలబడి చెప్పాలి. వాళ్లకూ తీగలే పెట్టారు. రికార్డు పేరు వాళ్లకూ వచ్చింది, వంతెన తర్వాత.

వింత ఎక్కువైన కొద్దీ డిజైన్ చుట్టూ తిరగడం ఎక్కువవుతుంది. హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి చూడండి. 184 కోట్లు, 233.85 మీటర్ల స్పాన్, 2020 సెప్టెంబరులో తెరిచారు. మొదటి వారాల్లో అక్కడ బండి నడపడం కంటే సెల్ఫీ దిగడమే పెద్ద పని. నగరానికది చెల్లుతుంది, చెరువు చుట్టూ వేరే దారులున్నాయి. కొల్లాపూర్ నుంచి అవతలి ఒడ్డు తట్టు ఆత్మకూరు పోవాలంటే పెబ్బేరు, బీచుపల్లి, కర్నూలు చుట్టి వందకు పైగా కిలోమీటర్లు రావాలి. మా మేనత్తను ఇచ్చింది అవతలి ఒడ్డుకే. ఆమె ఇంటి దగ్గర దీపం వెలిగితే మా రేవులోకి కనిపించేదని నాన్న అనేవాడు. పండక్కి తెద్దామంటే మాత్రం ఒక రోజు ప్రయాణం.

ఇక దేశంలో తీగల వంతెనల చరిత్ర మనల్ని తొందరపెట్టేలా ఏమీ లేదు. హుగ్లీ మీద విద్యాసాగర్ సేతుకు 1972లో రాయి వేస్తే 1992లో తెరిచారు, స్పాన్ 457 మీటర్లు. బిహార్‌లో సుల్తాన్‌గంజ్, అగువానీ ఘాట్ల మధ్య కడుతున్నది 2022లో, 2023లో, 2024లో కూలింది, ఏడాదికోసారి వ్రతం పట్టినట్టు. కోటాలో చంబల్ మీద కడుతున్న వంతెన 2009 డిసెంబరులో కూలి 48 మంది చనిపోయారు. దాన్ని 2017లో గానీ తెరవలేకపోయారు.

చనిపోయినవాళ్లు ఎవరై ఉంటారో పాలమూరువాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరు విడిచి పోయిన కూలీలు. "పాలమూరు లేబర్" అనే మాట దేశమంతా తెలిసింది మన తాతల కాలంలోనే. నాగార్జునసాగర్ మట్టి మోసినవాళ్లలో మనవాళ్లున్నారు. ఆ తర్వాత ఎక్కడ కట్ట పోసినా, ఎక్కడ కాలువ తవ్వినా, ముంబైలో ఎక్కడ అంతస్తు లేచినా గుంపుమేస్త్రీ వెనక లారీ ఎక్కింది మనవాళ్లే. ఇంటికి తాళం వేసి, ముసలోళ్లను అరుగు మీద కూర్చోబెట్టి పోయారు. వలసకు కరువే కారణమని రాస్తారు. కొల్లాపూర్ తట్టు ఇంకో కారణముంది, దాన్ని తక్కువగా రాస్తారు. 1981లో శ్రీశైలం నీళ్లు దాదాపు వంద ఊళ్లను మింగాయి, లక్ష మంది చెదిరిపోయారు. ఒండ్రు పొలాలు పోయాయి. ఇంటికో ఉద్యోగమని 1986లో జీవో 98 ఇచ్చారు. దాని కోసం కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ల పిల్లలకే ఇప్పుడు నెత్తి నెరిసింది.

ఒకప్పుడు ఎండాకాలంలో నది పాయలుగా చీలితే కాలినడకన, బండ్లతో అవతలికి పోయేవాళ్లమని ముంపు ఊళ్ల ముసలోళ్లు చెబుతారు. రెండు ఒడ్ల మధ్య పెళ్లి సంబంధాలు ఊరికే కలవలేదు. ఆ నదిని నిలవ నీరుగా మార్చింది ప్రభుత్వం. వాళ్ల దారిని వాళ్లకు తిరిగివ్వడాన్ని అభివృద్ధి కానుకగా చూపించడం నాకు మింగుడుపడదు. అప్పు తీర్చేవాడు పట్టుబట్ట కట్టుకుని, బాజాలు పెట్టించుకుని రావడమేంటి? నలభై ఏళ్లు దాటిన బాకీ అది. కరెంటు శ్రీశైలం నుంచి పోయింది, నీళ్లు పోయాయి, ఊళ్లు పోయాయి. ఇప్పుడు దారి ఇస్తామంటూ దాని కింద గాజు పరిచి, టికెట్ పెట్టి, మునిగిన ఊళ్లనే చూపిస్తారా?

కాబట్టి ఈ జిల్లాల ప్రతినిధులను నేను అడిగేది చిన్నది. గాజు అంతస్తును పక్కన పెట్టండి, తర్వాత ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. రోడ్డు అంతస్తును ముందు దాటించండి. గోపురం ఆకారం లేకపోతే సోమేశ్వరుడు అలగడు, ఆయన గుడే ముంపుకు తరలి ఇంకో చోట కూర్చుంది. వంతెన పొడవు గురించి ఇకపై ఏ సభలోనూ మాట్లాడకండి. కొల్లాపూర్ నుంచి ఆత్మకూరుకు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలు అన్నదే చెప్పండి.

ఎండాకాలం నీళ్లు దిగితే అవతల సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. వేప లింగాన్ని చూడటానికి సోమశిల నుంచి జనం మరబోటులో పోతారు. ఇప్పుడు ఎక్కేముందు లైఫ్‌జాకెట్ చేతికిస్తున్నారు. పట్నం పిల్లలు తొడుక్కుని ఫొటో దిగుతారు. మా తట్టు ఆడవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని, మీద రెండు చేతులూ ఆనించి, ఒడ్డు వచ్చేదాకా మాట్లాడకుండా కూర్చుంటారు.