రాయగడలో లెక్క వేరు

ల్యాప్‌టాప్‌కు పొడిగించిన వారంటీ, అంటే మామూలు వారంటీ ముగిశాక కూడా పనిచేసేలా అదనంగా కొనేది, డబ్బు దండగని మీ వ్యాసంలో తేల్చేశారు. ఒడిశా రాయగడలో ఉండే మాకు ఆ లెక్క కుదరదు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో కీబోర్డును పైభాగపు చట్రానికే రివిట్లతో బిగిస్తారు. రెండు మీటలు పోయినా చట్రమంతా మార్చాలి, కొన్నింటిలో బ్యాటరీతో సహా. యాపిల్ తన ల్యాప్‌టాప్‌లలో మీటలు మొరాయించిన ‘బటర్‌ఫ్లై’ రకం పలుచని కీబోర్డులకు 2018లో ఉచిత మరమ్మతు ప్రకటించినప్పుడు, కొన్ననాటి నుంచి 4 ఏళ్ల వరకు వర్తింపజేశారు. ఏడాది మామూలు వారంటీ దాటాక కూడా లోపం బయటపడుతుందనే కదా! మా అమ్మాయి ల్యాప్‌టాప్ బాగుచేయించడానికి విశాఖ రైలెక్కాల్సి వచ్చింది, అదీ పరీక్షల ముందు. ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ అయితేనే కొనండి. మీ పిన్‌కోడ్‌కు వర్తిస్తుందో లేదో ముందే అడగండి. టీ ఒలికితే మామూలు వారంటీ పనికిరాదు, ప్రమాద రక్షణ విడిగా తీసుకోవాలి. ఈ మాట బిల్లు రాసేముందే దుకాణదారులు చెప్పాలి.