అడవిలోనైనా మనసును దాని మానాన వదిలేయండి

ఈమధ్య నడక కూడా ఒక పని అయిపోయింది. చేతికి వాచీ, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, వాటిలో ఏదో పాడ్‌కాస్ట్. పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు వెళ్లి చూడండి. పొదల్లో నెమలి అరుస్తున్నా తల తిప్పేవాళ్లు తక్కువ. నగరం నడిబొడ్డున 390 ఎకరాల దాకా మిగిలిన ఆ పచ్చదనాన్ని 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించుకున్నాం. అలాంటి చోట కూడా చెవులు మూసుకుని తిరగడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇయర్‌ఫోన్స్ తీసేయమనేవాళ్లు కూడా ఇంకో పని అప్పగిస్తున్నారు. శ్వాస మీదే ధ్యాస పెట్టాలట, ఆలోచన పక్కకు పోగానే వెనక్కి లాక్కోవాలట. ధ్యానం మంచిదే, దానికి వేరే వేళ ఉంది. చెట్ల మధ్య నడిచేటప్పుడు మాత్రం మనసును తిరగనివ్వాలి.

తలకోనలో జలపాతం వైపు వెళ్తుంటే గిల్లతీగలు మోకుల్లా మెలికలు తిరిగి చెట్టు నుంచి చెట్టుకు పాకి ఉంటాయి. వాటిని చూస్తే వసారాలో కూర్చుని తాళ్లు పేనే మా తాత గుర్తొస్తాడు. తాత నుంచి ఊళ్లో పాత గట్టు తగాదా, ఆ తగాదాలో మాటలు ఆగిపోయిన చిన్నాన్న, ఆయనకి ఒకసారి ఫోన్ చేస్తే బాగుండునన్న ఆలోచన. అంతలో కాలికింద ఎండుటాకులు గలగలమంటాయి, ఆలోచన ఇంకెటో పోతుంది. ఒక్కోసారి ఆఫీసులో ఎంతకీ తెగని విషయానికి దారి దొరుకుతుంది. చాలాసార్లు ఏమీ దొరకదు, దొరకాలని నేను వెళ్లను కూడా.

దీనికి ఎదురుగా ఎక్కువమంది చూపించేది 2010 నాటి హార్వర్డ్ పరిశోధన. మనుషులు మేలుకుని ఉన్న సమయంలో దాదాపు 47 శాతం సేపు మనసు చేస్తున్న పనిమీద ఉండదని, అలా ఉన్నప్పుడు వాళ్లు అంత సంతోషంగా లేరని అందులో తేలింది. కాదనను. కానీ అది రోజువారీ బతుకులో, రకరకాల పనుల మధ్య ఫోన్‌లో అడిగి తెలుసుకున్న సంగతి. 2015లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు కొందరిని 90 నిమిషాలు చెట్లూ గడ్డీ ఉన్న చోట, ఇంకొందరిని రద్దీ రోడ్డు పక్కన నడిపించారు. పచ్చని చోట నడిచినవాళ్లలో తమ గురించి తామే దిగులుగా తవ్వుకోవడం తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు. గదిలో కూర్చుంటే ఒకే టెన్షన్ గిర్రున తిరుగుతుంది. రోడ్డు మీద హారన్లూ బండ్లూ మనల్ని ఊపిరాడనివ్వవు. అడవి మనల్ని ఏదీ అడగదు, అలాగని ఖాళీగానూ ఉంచదు. ఆకు కదులుతుంది, పిట్ట కూస్తుంది, దిగులు పట్టు సడలుతుంది. నాకు అర్థమైన కారణం ఇదే.

అన్ని అడవుల్లోనూ ఇది కుదరదు. నల్లమల పులుల అడవి. అక్కడ అనుమతి కావాలి, దారి తెలిసినవాళ్లు తోడుండాలి, కళ్లూ చెవులూ తెరిచి నడవాలి. తలకోనలో కూడా తడి బండల దగ్గర చూపు పాదాల మీదే ఉండాలి.

అటవీ శాఖకు ఒక్క విన్నపం. ప్లాస్టిక్ తేవద్దని బోర్డు పెట్టే చోటే బ్లూటూత్ స్పీకర్లు తేవద్దని కూడా రాయండి, తెచ్చినవాళ్ల దగ్గర గేటులోనే తీసి పెట్టుకోండి. ఒక్క స్పీకర్ మోగితే ఆ దారిలో నడిచే అందరి ఆలోచనా తెగిపోతోంది.