హాల్లో ఎద్దుల బండి, బాల్కనీలో పిల్లి

జనవరిలో ఓ ఆదివారం మా బావమరిదితో కలిసి చిత్ర సంతెకి వెళ్లాను. బెంగళూరు కుమారకృపా రోడ్డు ఆ ఒక్కరోజు బొమ్మల బజారైపోతుంది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003లో మొదలుపెట్టిన ఈ సంతలో ఇప్పుడు వెయ్యిమందికి పైగా చిత్రకారులు ఫుట్‌పాత్ పొడవునా బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. సామాన్యుడి ఇంట్లోనూ ఓ బొమ్మ ఉండాలన్నది దీని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఏ బొమ్మ అన్నదే నా పేచీ.

మావాడు ఓ ఎద్దుల బండి దగ్గర ఆగిపోయాడు. సాయంకాలం ఎండ, దుమ్ము, చంకన బిందెతో ఓ అమ్మాయి. వాడిది మదనపల్లె దగ్గర ఊరు. "మీ ఊళ్లో బండి ఎప్పుడు చూశావురా?" అన్నాను.

"ఇంకెక్కడివి బావా, టమాటాలన్నీ బొలెరోల్లోనే కదా మార్కెట్టుకు పోయేది."

"మరి ఇదెందుకు?"

"హాల్లో గోడ ఖాళీగా ఉంది."

బేరమాడి కొనేశాడు. ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ బండి నాకు చాలాసార్లు ఎదురైంది. ప్రశాంతంగా ఉండే బొమ్మ అనగానే మనకు పల్లెటూరే గుర్తొస్తుంది, అదీ మనం పుట్టకముందరి పల్లెటూరు. కొనేవాడు చూడలేదు, వేసినవాడూ ఈ మధ్య చూసి ఉండడు. అమ్ముడుపోతుంది కాబట్టి అదే బండి మళ్లీ మళ్లీ వేస్తాడు. అతన్ని తప్పుపట్టను, అద్దెలు అలా ఉన్నాయి.

పల్లెను వేయకూడదని కాదు. మద్రాసు కళాక్షేత్రంలో బొమ్మలు నేర్పిన కె.శ్రీనివాసులు చిన్నతనం నాగలాపురంలో గడిచింది. ఆయన ఆవుల్లో ఆ ఊరుంది, మన కొయ్యబొమ్మలున్నాయి, లేపాక్షి కుడ్యచిత్రాల గీత ఉంది. చూసినవాడు వేసిన ఆవుకీ, క్యాలెండర్ ఆవుకీ తేడా తెలిసిపోతుంది.

బెంగళూరుకు అలా చూసినవాడు రుమాలె చెన్నబసవయ్య (1910-1988). స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసి, చట్టసభ సభ్యుడై, చివరికి రంగుల దగ్గరికే తిరిగొచ్చాడు. ఈ ఊళ్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూస్తూనే ఉండాలని క్రుంబీగల్ లాంటి తోటల నిపుణులు ఎంచి నాటించారు. రుమాలె ఆ పూల చెట్ల ఎదుటికే వెళ్లి బొమ్మలు వేశాడు. ఊహించి కాదు, ఎదురుగా నిలబడి. ఇప్పుడా బొమ్మలు చూస్తే ఊరు ఏం పోగొట్టుకుందో కూడా తెలుస్తుంది. అందంగా ఉంటే చాలనుకుని వేసిన బొమ్మ ఆ సాక్ష్యం చెప్పలేదు.

గ్యాలరీల వైపు ఇంకో రకం చులకన ఉంది. ఇంట్లో రోజూ కనిపించేవాటి బొమ్మల్లో చెప్పడానికేముంది అంటారు. పాత రోగమే ఇది. ఫ్రెంచి చిత్రకళా అకాడమీ వాళ్లు పురాణాలకూ చరిత్రకూ పెద్దపీట వేసి, కూజాలూ పళ్లూ వేసేవాళ్లను అట్టడుగున కూర్చోబెట్టారు. 1728లో షార్దా అనే చిత్రకారుణ్ని చేర్చుకున్నదీ జంతువులూ పళ్లూ వేసేవాడిగానే.

నిజానికి వీటిని వేయడమే కష్టం. యుద్ధం బొమ్మలో కత్తి కాస్త వంకరపోయినా ఎవరూ కనిపెట్టరు. వాషింగ్ మెషిన్ మీద పడుకున్న పిల్లి వీపు వంకరపోతే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. పైగా పిల్లి కదలకుండా ఉండమంటే ఉండదు, లేచి వెళ్లేలోపు నాలుగు గీతల్లో పట్టుకోవాలి. నీటిరంగుల్లో సంప్రదాయంగా తెల్లరంగు పూయరు, కాగితాన్నే వదిలేస్తారు. బాల్కనీలో ఆరేసిన చొక్కా మీద ఎండ పడాలంటే బ్రష్ ఎక్కడ పెట్టకూడదో ముందే తెలియాలి. అది తెలియాలంటే ఆ చొక్కాను చాలాసేపు చూడాలి. మనవాళ్లు ఎగ్గొట్టేది ఈ చూడటాన్నే.

మొన్న మా అత్తగారింటికి వెళ్తే బండి బొమ్మ గోడకెక్కింది. దాని కిందే ఆవిడ పేపరు పరుచుకుని, నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. ఒకపక్క పచ్చటి పప్పు, ఇంకోపక్క తొక్కల కుప్ప. కిటికీ వెలుగు ఆవిడ చేతుల మీద మాత్రమే పడుతోంది. ఫోన్ తీశాను.

"ఈ తొక్కల్లో ఏముందని నాయనా," అంది కుప్పను పక్కకు జరుపుతూ, "తీస్తే ఆ బండిని తీసుకో."